ఎడారి విషపు బల్లినీ, సముద్రపు సీల్‌నీ పక్కపక్కన పెట్టి పిల్లలకు చెప్పొచ్చా?

ఉరవకొండ_టీచర్ (అనంతపురం జిల్లా):
అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో బయాలజీ చెబుతాను. సైన్స్ ఫెయిర్ కోసం మా తొమ్మిదో తరగతి పిల్లలు రెండు జంతువులను ఎంచుకున్నారు. ఒకటి అమెరికా, మెక్సికో ఎడారుల్లో ఉండే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి. రెండోది ఉత్తర పసిఫిక్ సముద్రంలో ఉండే ఎలిఫెంట్ సీల్. "మేడమ్, ఒకటి నీళ్ళే లేని చోట ఉంటుంది, ఇంకొకటి ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటుంది, రెండింటినీ పోల్చి చెబుతాం" అన్నారు. పొడవు, బరువు, తిండి, సంతానం అని ఒక పట్టిక రాశారు. పట్టికలో తప్పేమీ లేదు కానీ నాకు తృప్తిగా లేదు. చూడటానికి వచ్చిన జడ్జీ "దీనికీ దానికీ ఏం సంబంధం?" అని అడిగితే పిల్లలు తెల్లమొహం వేయకూడదు. ఈ పోలికకు అర్థం ఉందా, ఉంటే దాన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి, పిల్లలకు చదివి వినిపిస్తాను.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
మేడమ్, నేను ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. ఉన్నమాట చెబుతాను. ఈ జత నాకు నచ్చలేదు. రెండు జంతువులను పోల్చాలంటే అవి దగ్గరి బంధువులైనా కావాలి, ఒకే రకమైన కష్టాన్ని ఎదుర్కొనేవైనా కావాలి. గిలా మాన్‌స్టర్ సరీసృపం, సీల్ క్షీరదం. వాటి పూర్వీకులు విడిపోయి 30 కోట్ల ఏళ్ళు దాటింది. బల్లి అరమీటరు పొడవు, కిలో కూడా తూగదు. మగ ఎలిఫెంట్ సీల్ నాలుగు మీటర్లకు పైనే ఉంటుంది, రెండు టన్నులు తూగుతుంది. ఒకదాని రక్తం చల్లబడుతుంది, వేడెక్కుతుంది. రెండోది ఎప్పుడూ ఒకే వేడిలో ఉండాలి. సముద్ర క్షీరదమే కావాలంటే మన దేశంలోనే దుగాంగ్ ఉంది. మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్, అండమాన్లలో బతుకుతోంది. తమిళనాడు ప్రభుత్వం 2022లో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లను దాని కోసమే కేటాయించింది. పిల్లలకు అది చెబితే మేలు కదా?

హగరి_గట్టు (రాయదుర్గం దగ్గర):
తమ్ముడూ, నువ్వన్న "ఒకే రకమైన కష్టం" ఇక్కడ ఉంది, చూడు. నేను సేద్యం చేసేవాణ్ణి, జంతుశాస్త్రం చదవలేదు. కానీ పిల్లలు రాసిన మాటలోనే తేడా ఉంది. సీల్ నీళ్ళలో ఉంటుంది సరే, తాగే నీళ్ళు ఏవి? మా పక్క వేలు పెట్టుబడి పెట్టి బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. ఆ బోరు ఉన్నట్టా, లేనట్టా? చెట్టుకు పోస్తే చెట్టు చస్తుంది, ఎనుము మూతి పెట్టదు. సముద్రం కూడా అంతే కదా. ఎడారిలో ఉండే బల్లికీ, సముద్రంలో ఉండే సీల్‌కీ తాగేందుకు చుక్క లేదు. రెండూ కరువులోనే కాపురం చేస్తున్నాయి. నాకు తోచింది ఇది. చదువుకున్నవాళ్ళు సరిచూసి చెప్పండి.

ఉరవకొండ_టీచర్:
అన్నా, ఈ మాట కోసమే నేను ఈ చర్చ పెట్టినట్టుంది. పిల్లల పట్టికలో "నివాసం: నీరు" అని ఉన్న గడిని కొట్టేయిస్తాను. ఇక దీని వెనక ఒంట్లో జరిగే పని ఏమిటో ఎవరైనా చెప్పండి.

నంద్యాల_పశువైద్యం:
హగరి అన్న చెప్పింది శాస్త్రపరంగా కూడా సరైనదే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పులు ఉంటాయి. మన మూత్రపిండాలు అంత చిక్కగా ఉప్పును బయటికి తోయలేవు. అందుకే సముద్రపు నీరు తాగితే, దాంట్లోని ఉప్పును పంపించడానికి తాగినదానికంటే ఎక్కువ నీరు ఒంట్లోంచి పోతుంది. తాగేకొద్దీ ఎండిపోవడమే. సీల్ మూత్రపిండాలు మనకంటే గట్టివే, అయినా అది సముద్రపు నీటి మీద ఆధారపడి బతకదు. తిన్న చేపల ఒంట్లోని నీరు ఒక దారి. రెండో దారి కొవ్వు. కొవ్వు ఒంట్లో కరిగి శక్తిగా మారేటప్పుడు నీరు కూడా పుడుతుంది. కిలో కొవ్వు పూర్తిగా కరిగితే కిలోకు కాస్త ఎక్కువే నీరు వస్తుంది. ఎందుకంటే ఆ నీటిలోని ఆక్సిజన్ మనం పీల్చే గాలి నుంచి కలుస్తుంది. పిల్లలు ఇది నమ్మరు, ఆ సమీకరణం బోర్డు మీద వేసి చూపించండి మేడమ్.

దుగాంగ్ సంగతి. అది నాకూ ఇష్టమైన జంతువే. కానీ అది పశువులాగే పూటపూటా మేయాలి. పెద్ద దుగాంగ్ రోజుకు 30 కిలోలకు పైగా సముద్రపు గడ్డి తింటుంది. ఆ గడ్డిలో నీరు ఉండనే ఉంది. ఎలిఫెంట్ సీల్ అలా కాదు. ఒడ్డుకు వచ్చిందంటే వారాలు, నెలల తరబడి ఏమీ తినదు, ఏమీ తాగదు. గిలా మాన్‌స్టర్ కూడా ఏడాదిలో ఎక్కువ భాగం తినకుండానే ఉంటుంది. కాబట్టి పిల్లలు తెలిసి ఎంచుకున్నా, తెలియక ఎంచుకున్నా జత మాత్రం కుదిరింది. దుగాంగ్‌కు ఇంకో ఏడాది ఇంకో చార్టు వేయించండి.

కొండారెడ్డి_బురుజు:
సరే సార్, నీళ్ళ కోణం అయితే ఒప్పుకుంటాను. బల్లి వైపు నుంచి ఒక సందేహం. గిలా మాన్‌స్టర్ లావాటి తోకలో నీళ్ళు దాచుకుంటుందని చాలాచోట్ల చదివాను. అది నిజమేనా?

తాడిపత్రి_నుంచి_ట్యూసన్ (అరిజోనా, అమెరికా):
తోకలో ఉండేది కొవ్వు తమ్ముడూ, నీళ్ళు కాదు. నీళ్ళు దాచుకునేది మూత్రాశయంలో. ఇక్కడి పరిశోధకులు దీన్ని పరీక్ష పెట్టి మరీ చూశారు, 2007లో ప్రచురించారు. వాన పడినప్పుడు ఈ బల్లి ఒకేసారి కడుపారా తాగేస్తుంది. ఆ నీరు మూత్రాశయంలో చేరి, తర్వాత ఒంట్లో నీరు తగ్గేకొద్దీ అక్కడి నుంచి మళ్ళీ రక్తంలోకి పోతుంది. మూత్రాశయం నిండిన బల్లులు ఖాళీగా ఉన్నవాటికంటే చాలా నిదానంగా ఎండిపోయాయి. మనకు మూత్రం బయటికి పోయేది మాత్రమే. దానికి అది నిల్వ.

నేను పుట్టింది తాడిపత్రిలో. ఇప్పుడు ఉంటున్నది ఈ బల్లి తిరిగే ఎడారిలో. ఇక్కడ ఏడాదికి పడే వాన సుమారు 300 మిల్లీమీటర్లు. మన అనంతపురానికి 550 దాకా పడుతుంది కదా, దాంట్లో సగం కాస్త పైన. ఇక్కడ కూడా జూలై నుంచి సెప్టెంబర్ దాకా రుతుపవనాలు వస్తాయి, చలికాలంలో ఇంకోసారి జల్లులు పడతాయి. ఆ వానల్లోనే ఒక సాయంత్రం రోడ్డు దాటుతున్న గిలా మాన్‌స్టర్‌ను దగ్గరగా చూశాను. ఒంటి నిండా పూసలు గుచ్చినట్టు గుండ్రటి పొలుసులు, నలుపు మీద నారింజ, గులాబీ కలిసిన మచ్చలు. ఆ పొలుసుల కింద చిన్న చిన్న ఎముక ముక్కలు ఉంటాయట. తల వెడల్పుగా, మొద్దుగా ఉంది. నల్లటి చీలిన నాలుకను బయటికి తీసి నేలను తాకించి, లోపలికి తీసుకుని, మళ్ళీ తీస్తోంది. తొందర అనేదే లేదు. కారు ఆపి దిగి పది అడుగుల దూరంలో నిలబడితే ఒక్కసారి నోరు తెరిచి బుస కొట్టింది, మళ్ళీ తన దారిన తాను పోయింది. దాన్ని చేత్తో తాకడం ఇక్కడ నేరం. అరిజోనా 1952 నుంచి దానికి చట్టం రక్షణ ఇస్తోంది. విషం ఉన్న జంతువును కాపాడాలని చట్టం చేయడం ఉత్తర అమెరికాలో అదే మొదలు.

దాని జీవితంలో నూటికి 95 వంతుల కాలం నేల కింద, బొరియల్లోనే గడుస్తుంది. పక్షి గుడ్లు, తాబేలు గుడ్లు, కుందేలు పిల్లలు, గూట్లోని ఎలుక పిల్లలు దాని ఆహారం. పరిగెత్తి పట్టేది ఏమీ లేదు. దొరికినప్పుడు ఒక్క పూటలో తన బరువులో మూడో వంతు దాకా మింగేస్తుంది. వసంతంలో అలాంటి పెద్ద భోజనాలు మూడు నాలుగు దొరికితే ఏడాదికి సరిపడా శక్తి వచ్చినట్టేనని లెక్కగట్టారు.

ఉరవకొండ_టీచర్:
మా పిల్లల్లో ఒకమ్మాయి అడుగుతోంది: "అంత ఎండలో ఉంటుంది కదా, చెమట పట్టదా, నీళ్ళు పోవా?"

తాడిపత్రి_నుంచి_ట్యూసన్:
చెమట గ్రంథులు లేవమ్మా. బల్లులకు ఉండవు. ఎండ ముదిరితే బయటికే రాదు. దాని ఒంటికి హాయిగా ఉండే వేడి 30 డిగ్రీల దగ్గర. మిగతా ఎడారి బల్లులకంటే ఇది తక్కువ. తప్పనిసరై వేడెక్కిందంటే ఒక వింత పని చేస్తుంది. తోక మొదట్లో ఉండే మలద్వారం గుండా నీటిని ఆవిరి చేసి ఒళ్ళు చల్లబరచుకుంటుంది. ఇది 2004లో బయటపడింది. నీటిని అంత పొదుపుగా వాడే జంతువు ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం దాన్ని ఖర్చు పెడుతుందన్నమాట.

నంద్యాల_పశువైద్యం:
ఇప్పుడు సీల్ ముక్కు గురించి చెప్పాలి. ఈ మొత్తం చర్చలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

మనం వదిలే ప్రతి ఊపిరితో ఒంట్లోని తేమ పోతుంది. చలికాలం పొద్దున నోటి నుంచి పొగలా వచ్చేది అదే. ఏమీ తాగకుండా రెండు మూడు నెలలు ఉండాల్సిన జంతువుకు ఈ నష్టం చిన్నది కాదు. ఎలిఫెంట్ సీల్ ముక్కు లోపల పల్చటి ఎముక రేకులు చుట్టలు చుట్టుకుని, పాయలు పాయలుగా విడిపోయి ఉంటాయి. వాటి మీద తడి పొర ఉంటుంది. బయటి చల్లగాలి లోపలికి పోయేటప్పుడు ఆ రేకుల మీదుగా పోతూ వేడినీ, తేమనూ అందుకుంటుంది. దాంతో రేకులు చల్లబడతాయి. ఊపిరితిత్తుల నుంచి తిరిగి వచ్చే గాలి వెచ్చగా, తడిగా ఉంటుంది. అది ఆ చల్లటి రేకులకు తగిలేసరికి దాంట్లోని తేమ అక్కడే నీరుగా పేరుకుంటుంది. బయటికి పోవాల్సిన నీరు ముక్కులోనే ఆగిపోయింది. తర్వాతి ఊపిరికి మళ్ళీ అదే నీరు పనికొస్తుంది.

పైగా నిద్రలో అది ఊపిరి బిగబడుతుంది. ఒడ్డు మీద ఇసుకలో పడుకున్న సీల్ పిల్ల పది నిమిషాలకు పైగా ఊపిరి తీయకుండా ఉండి, తర్వాత గబగబా కొన్నిసార్లు పీల్చి, మళ్ళీ బిగబడుతుంది. మనిషైతే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. దానికి మాత్రం ఊపిరి ఎన్నిసార్లు తగ్గితే అన్నిసార్లు నీరు మిగులు.

సముద్రంలో దాని బతుకు పూర్తిగా వేరు. అక్కడ తినడమే పని. ఇరవై నిమిషాలకు పైగా మునిగి, పైకి వచ్చి రెండు మూడు నిమిషాలు గాలి పీల్చి, మళ్ళీ మునుగుతుంది. పగలూ రాత్రీ ఇదే. మామూలుగా నాలుగు నుంచి ఆరు వందల మీటర్ల లోతుకు పోతుంది. 1,500 మీటర్లు దాటి పోయినట్టు కూడా నమోదైంది. 2023లో వచ్చిన పరిశోధన ప్రకారం సముద్రంలో ఉన్న నెలల్లో అది రోజుకు రెండు గంటలే నిద్రపోతుంది. అదీ నీటి లోతుల్లోకి జారుతూ తీసే చిన్న చిన్న కునుకుల్లో.

హగరి_గట్టు:
సార్, నిలబడి చదివినాను. మా ఇంట్లో అందరికీ చదివి వినిపించినాను. ఒకటి అడగాల. తల్లి ఏమీ తినకుండా పిల్లకు పాలెట్లా ఇస్తుంది? మా ఎనుముకు ఒక్కపూట మేత తగ్గితే సాయంత్రం చెంబులో తెలిసిపోతుంది.

నంద్యాల_పశువైద్యం:
ఒంట్లో దాచుకున్న కొవ్వంతా పాలలోకి దింపుతుంది అన్నా. ఆ పాలలో కొవ్వు సగం దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటుంది. మన గేదె పాలలో ఏడెనిమిది శాతం ఉంటే గొప్ప. పాలు చిక్కబడేకొద్దీ వాటితో పోయే నీరు తగ్గుతుంది. అంటే తల్లి తన నీటిని తాను కాపాడుకుంటూనే పిల్లకు కొవ్వు అందిస్తోంది. పిల్ల ఆ కొవ్వును కరిగించి నీరు తయారుచేసుకుంటుంది. పుట్టినప్పుడు 40 కిలోల లోపు ఉన్న పిల్ల నాలుగు వారాల్లో 130 కిలోల దాకా పెరుగుతుంది. ఆ తర్వాత తల్లి వదిలేసి సముద్రానికి వెళ్ళిపోతుంది. పిల్ల ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఒడ్డునే ఉంటుంది, తిండీ లేదు, నీళ్ళూ లేవు. ఆ కొవ్వే దానికి అన్నం, అదే నీళ్ళు.

మందుల_షాపు_ప్రొద్దుటూరు (కడప జిల్లా):
మీరంతా నీటి గురించి మాట్లాడుతున్నారు. నేను చక్కెర గురించి చెబుతాను. ఈ రెండు జంతువులు నా వృత్తికి చాలా దగ్గరివి.

న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసే జాన్ ఎంగ్ అనే డాక్టర్ గిలా మాన్‌స్టర్ విషంలో కొత్త హార్మోన్లు ఏమైనా ఉన్నాయా అని వెతికారు. 1992లో ఎక్సెండిన్-4 అనే పదార్థాన్ని ప్రకటించారు. మనం అన్నం తిన్నాక పేగుల నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వస్తుంది. అది క్లోమానికి "చక్కెర పెరుగుతోంది, ఇన్సులిన్ వదులు" అని చెబుతుంది. కష్టమేమిటంటే అది రక్తంలో రెండు మూడు నిమిషాలకే ముక్కలైపోతుంది, మందుగా ఇస్తే నిలవదు. ఎక్సెండిన్-4 దాని పోలికతోనే ఉంది, అదే పని చేస్తుంది, కానీ గంటల తరబడి నిలుస్తుంది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి ఎక్సెనటైడ్ అనే ఇంజెక్షన్‌గా తెచ్చారు. అమెరికాలో 2005 ఏప్రిల్‌లో అనుమతి వచ్చింది. ఈ జాతి మందుల్లో అదే మొదటిది. ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్న సెమాగ్లూటైడ్ బల్లి నుంచి వచ్చింది కాదు, మనిషి హార్మోన్‌నే మార్చి చేసింది. దారి వేసింది మాత్రం ఆ బల్లే. ఈ మందు కోసం ఎవరూ బల్లిని చంపరు, పిండరు. ఇది పిల్లలకు తప్పకుండా చెప్పండి మేడమ్, లేకపోతే "బల్లి మందు" అని ఎవరో ఒకరు వ్యాపారం మొదలుపెడతారు.

సీల్ వైపు చూడండి. ఒడ్డున ఉపవాసం ఉన్న ఎలిఫెంట్ సీల్ పిల్లల్లో రోజులు గడిచేకొద్దీ ఇన్సులిన్ పనిచేయడం తగ్గిపోతుంది. మన షుగర్ పేషెంట్లలో కనిపించేదే. కానీ వాటికి జబ్బు లేదు. ఒళ్ళంతా కొవ్వు మీద నడుస్తుంది కాబట్టి, ఉన్న కాస్త గ్లూకోజును మెదడుకీ, రక్తకణాలకీ అట్టిపెట్టుకోవడానికి అదొక ఏర్పాటు. మళ్ళీ సముద్రంలోకి పోయి తినడం మొదలుపెడితే బతుకు మామూలే. మనిషిలో రోగమైనది దానిలో రోగం ఎందుకు కాలేదు? పరిశోధకులు పట్టుకుని కూర్చున్న ప్రశ్న ఇది. మా కౌంటర్ దగ్గర షుగర్ మందులకు నిలబడే మనుషులను చూస్తుంటే ఈ ప్రశ్నకు తొందరగా జవాబు రావాలని గట్టిగా కోరుకుంటాను.

ఉరవకొండ_టీచర్:
సార్, చాలా సంతోషం. మా నాన్నగారికి షుగర్. ఈ సంగతి ఆయనకూ చదివి వినిపిస్తాను.

కొండారెడ్డి_బురుజు:
ఇంకో విషయం కలుపుతాను. ఎలిఫెంట్ సీల్ రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువని 2014లో తేలింది. దాని హీమోగ్లోబిన్‌లో సుమారు పదో వంతు ఆ వాయువుతో అంటుకుని ఉంటుంది. విపరీతంగా సిగరెట్లు తాగేవాళ్ళలో కనిపించే స్థాయి అది. సీల్ ఒంట్లో హీమోగ్లోబిన్ చాలా ఎక్కువ కాబట్టి, అది విరిగేటప్పుడు సహజంగానే ఈ వాయువు పుడుతుంది. లోతుకు మునిగినప్పుడు అవయవాలకు రక్తం తగ్గి, పైకి రాగానే మళ్ళీ ఒక్కసారిగా వస్తుంది. ఆ దెబ్బ నుంచి ఇది కాపాడుతుందేమోనని పరిశీలిస్తున్నారు. ఒకదాని నోట్లో విషం, ఇంకొకదాని రక్తంలో విషవాయువు! జత కుదిరిందన్న మాట నాకూ ఇప్పుడు నచ్చుతోంది.

లంకమల (కడప):
నేను అడవి పక్షుల వెంట తిరిగేవాణ్ణి. ఈ రెండింటికీ మనుషుల చేతిలో జరిగింది కూడా చార్టులో ఉండాలి. ఎలిఫెంట్ సీల్‌ను దాని కొవ్వు నూనె కోసం 19వ శతాబ్దంలో ఊచకోత కోశారు. ఇక లేదు, అంతరించిందనే అనుకున్నారు. 1892లో మెక్సికోకు చెందిన గ్వాడలూప్ దీవిలో కొద్దిపాటి సీళ్ళు కనిపిస్తే, వాటిలో ఏడింటిని మ్యూజియం కోసం శాస్త్రవేత్తలే చంపారు. అంత అరుదని తెలిసి కూడా! ఎన్నిసార్లు చదివినా నాకు ఇది మింగుడుపడదు. 1922లో మెక్సికో ఆ దీవిని రక్షిత ప్రాంతం చేసింది. వంద లోపు మిగిలాయనుకున్నవి ఇప్పుడు రెండు లక్షలు దాటాయి. అయితే అన్నీ ఆ కొద్దిటి సంతానమే కాబట్టి జన్యువుల్లో తేడాలు బాగా తక్కువ, కొత్త రోగం వస్తే తట్టుకుంటాయా అన్న భయం ఉంది.

మన సిద్ధవటం అడవుల్లో కలివికోడి అనే పక్షి కథ కూడా సగం దాకా ఇదే. 1900 తర్వాత కనిపించలేదు, లేదనుకున్నారు. 1986లో మళ్ళీ దొరికింది. లంకమల అభయారణ్యం దాని కోసమే వచ్చింది. సీల్‌కు రెండో సగం బాగుంది. కలివికోడికి ఆ రెండో సగం ఇంకా రాలేదు.

హగరి_గట్టు:
అన్నా, మా చేన్ల గట్ల మీద ఉడుములు కూడా తగ్గిపోయినాయి. నా చిన్నప్పుడు రాతికట్టు సందుల్లో ఎండకు తల పెట్టుకుని కనిపించేవి. ఇప్పుడు ఏడాదికి ఒకటి కనిపిస్తే ఎక్కువ. మాంసానికీ, నూనెకూ పట్టుకుపోతారు. ఇంకొందరు విషమని చంపుతారు. గిలా బల్లి గురించి చదివి మా ఊరి పిల్లోళ్ళు ఉడుమును చూసి ఇంకా భయపడితే ఎట్లా? మన పక్క విషపు బల్లి ఏదన్నా ఉందా సార్?

నంద్యాల_పశువైద్యం:
లేదు అన్నా. మన దేశంలో మనిషి ప్రాణం తీసే విషం ఉన్న బల్లి ఒక్కటీ లేదు. ఉడుము, తొండ, ఊసరవెల్లి, ఇంట్లో బల్లి, నలికిరి, దేనికీ అంత విషం లేదు. ఉడుము నోట్లోని గ్రంథుల మీద పరిశోధనలు జరిగాయి, కొన్ని ప్రోటీన్లు కనుగొన్నారు, కానీ దాని కాటుకు మనిషి చావడు. పట్టుకోబోతే కొరుకుతుంది, గోళ్ళతో గీకుతుంది, తోకతో కొడుతుంది. పుండు చీము పట్టకుండా చూసుకోవాలి, అంతే. 1972 వన్యప్రాణి చట్టంలో ఉడుము మొదటి షెడ్యూలులో ఉంది. చంపినా, అమ్మినా మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు.

గిలా మాన్‌స్టర్ విషం కూడా పాము విషంలా ఎక్కేది కాదు. పాముకు పై దవడలో కోరలు ఉంటాయి, విషాన్ని లోపలికి గుచ్చుతుంది. ఈ బల్లికి విషగ్రంథులు కింది దవడలో ఉంటాయి. దంతాలకు నిలువు గాడులు ఉంటాయి. కరిచి, వదలకుండా నములుతూ ఉంటే విషం ఆ గాడుల వెంట గాయంలోకి పాకుతుంది. అక్షరాలా ఉడుం పట్టు. నొప్పి భరించలేనంతగా ఉంటుంది, వాపు వస్తుంది, రక్తపోటు పడిపోతుంది. దానికి విరుగుడు మందు లేదు. చావులు చాలా అరుదు. 2024 ఫిబ్రవరిలో కొలరాడోలో ఇంట్లో పెంచుకుంటున్న గిలా మాన్‌స్టర్ కరిచి ఒకాయన చనిపోయారు. అలాంటిది ఎన్నో దశాబ్దాల తర్వాత జరిగింది.

మన పిల్లల భయం పాముల మీద ఉండాలి. శెనక్కాయ చేన్లలో రక్తపింజర, చిన్నపింజర తిరుగుతాయి. రాత్రి నేల మీద పడుకుంటే కట్లపాము వస్తుంది. టార్చి, కాళ్ళకు బూట్లు, కరిస్తే కట్లు గట్టిగా బిగించకుండా, కోయకుండా, కదలకుండా పడుకోబెట్టి నేరుగా పెద్దాసుపత్రికి. ఇది చార్టులో ఒక మూల పెట్టించండి మేడమ్.

కొండారెడ్డి_బురుజు:
ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. రెండింటిలో సీల్ చేసేదే గొప్ప. బల్లికి చల్లరక్తం, ఖర్చు తగ్గించుకుని బొరియలో పడుకుంటే సరిపోతుంది. సీల్ తన ఒంటి వేడిని నిలుపుకుంటూ, తల్లి అయితే పిల్లకు పాలిస్తూ వారాల తరబడి, మగదైతే పోరాడుతూ మూడు నెలల దాకా ఉపవాసం ఉండాలి. ఖర్చు తగ్గించుకునే వీలే లేదు.

తాడిపత్రి_నుంచి_ట్యూసన్:
నేను ఒప్పుకోను తమ్ముడూ. సీల్‌కు ఉపవాసం తర్వాత ఎదురుగా సముద్రమంతా తిండి ఉంది, వేలాది కిలోమీటర్లు ఈదిపోయి తెచ్చుకోగలదు. ఈ బల్లి ఎక్కడికీ పోలేదు. వాన పడకపోతే, పక్షులు గూళ్ళు కట్టకపోతే, ఉన్న కొండ వాలు మీదే ఓపిక పట్టాలి. 2002లో ఇక్కడ ఘోరమైన కరువు వచ్చింది. అలాంటి ఏడాదిలో కూడా బతికి బయటపడే జంతువును తక్కువ చేయకు. అనంతపురం జిల్లాలో పుట్టినవాణ్ణి కాబట్టి నా ఓటు ఉన్నచోటే నిలబడేదానికే.

హగరి_గట్టు:
నాదీ బల్లి పక్కే.

మందుల_షాపు_ప్రొద్దుటూరు:
నాది సీల్ పక్క. పాలిచ్చే తల్లి ఉపవాసం ముందు ఇంకేదీ నిలవదు.

ఉరవకొండ_టీచర్:
ఇది తేల్చకుండా పిల్లలకే వదిలేస్తాను, రెండు జట్లుగా వాదించుకుంటారు. చార్టుకు పైన "తాగే నీరు లేని రెండు చోట్లు" అని రాయిస్తున్నాను. పొడవు, బరువు కింద చిన్నగా పెడతాం. ఇంకా రెండు సాయాలు కావాలి. ఒకటి, జడ్జీల ముందు చేసి చూపించడానికి చవకైన ప్రయోగం. రెండోది, ఒకబ్బాయి అడిగాడు: "తల్లి వదిలేసి పోయాక సీల్ పిల్లకు ఈత ఎవరు నేర్పుతారు? బల్లి పిల్లకు వేట ఎవరు నేర్పుతారు?"

తాడిపత్రి_నుంచి_ట్యూసన్:
రెండింటికీ ఎవరూ నేర్పరు. గిలా మాన్‌స్టర్ తల్లి గుడ్లు నేలలో పెట్టి వెళ్ళిపోతుంది. గుడ్డులోంచి వచ్చే పిల్ల సుమారు 16 సెంటీమీటర్లు ఉంటుంది. ఒంటి మీద రంగు, నోట్లో విషం రెండూ అప్పటికే సిద్ధం.

నంద్యాల_పశువైద్యం:
సీల్ పిల్ల ఒడ్డున ఉపవాసం ఉన్న వారాల్లోనే తీరంలోని లోతు తక్కువ నీళ్ళలో, ఎక్కువగా రాత్రిపూట, తనంతట తాను మునగడం అలవాటు చేసుకుంటుంది. మొదట్లో ఊపిరి కొద్దిసేపే ఆగుతుంది. వారాలు గడిచేకొద్దీ రక్తం పెరుగుతుంది, కండరాల్లో ఆక్సిజన్ నిల్వ పెరుగుతుంది, మునక పొడవవుతుంది. అంటే ఆ ఉపవాస కాలం ఊరికే పోదు. తర్వాత ఒంటరిగా సముద్రంలోకి పోతుంది. చాలా పిల్లలు ఆ మొదటి ప్రయాణం నుంచి తిరిగి రావు. అబ్బాయికి ఇది కూడా చెప్పండి, దాచవద్దు.

ప్రయోగానికి ఉర్లగడ్డ చాలు. ఒకే సైజులో ముక్కలు కోసి, తూకం వేసి, కొన్ని మామూలు నీళ్ళలో, కొన్ని సముద్రపు నీటంత ఉప్పు ఉన్న నీళ్ళలో వేయండి. రెండు గంటల తర్వాత తుడిచి మళ్ళీ తూచండి. ఉప్పునీళ్ళలో వేసినవి మెత్తబడి బరువు తగ్గుతాయి, చేత్తో వంచితే వంగుతాయి. నీళ్ళలో మునిగి ఉండి కూడా నీరు పోగొట్టుకున్నాయని జడ్జీ చేతికే ఇచ్చి చూపించొచ్చు. రెండోది సీల్ ముక్కు కోసం. స్టీలు పళ్ళేన్ని ఐసు మీద పెట్టి చల్లబరిచి, ఒక పిల్లవాడిని దాని మీద ఊపిరి వదలమనండి. పక్కనే ఎండలో పెట్టిన పళ్ళెం మీద ఇంకొకరిని. తేమ ఎక్కడ ఆగిందో కంటికే కనిపిస్తుంది.

ఉరవకొండ_టీచర్:
ఉప్పు ఎంత వేయాలి సార్? మా ల్యాబ్‌లో చిన్న త్రాసు ఉంది.

నంద్యాల_పశువైద్యం:
లీటరు నీటికి 35 గ్రాములు. స్పూను లెక్క పెట్టవద్దు, కల్లుప్పుకూ మెత్తటి ఉప్పుకూ స్పూనులో తేడా వస్తుంది. త్రాసులోనే తూచండి. ముక్కల్ని ముందు రోజు కోసి పెట్టుకోకండి, అప్పుడే కోసినవైతేనే బరువు తేడా బాగా తెలుస్తుంది.